మాస్టారు చెప్పిన అలెగ్జాండ్రియా తల్లులు

ఇవాళ మధ్యాహ్నం మా పాప షారోను నిద్రలో కలవరించింది, ఇంగ్లీషులో. ఏసీ హోరులోనూ ఆ గొంతు వినిపించింది. వెంటనే ప్రకాశరావు మాస్టారు గుర్తొచ్చారు.

గుడివాడ దగ్గర ఒక క్రైస్తవ వేదాంత కళాశాలలో గ్రీకు చెప్పిన మనిషి. అది మూతపడ్డాక ఖతార్‌లోని దోహా వచ్చి, ఇక్కడి వెస్ట్ బేలో ఏదో కంపెనీలో ఫైళ్ళు సర్దేవారు. శుక్రవారాలు ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని మా ఇంట్లో ప్రార్థన కూటం నడిపేవారు; పిల్లలకు ఆయన తాతయ్య. భోజనానికి ముందు పిల్లలంతా బైబిల్లోంచి కంఠత వాక్యం చెప్పాలి, తెలుగులోనే. ఆ నియమం పెట్టింది నేనే. షారోనుకు ఆరేళ్ళు, పుట్టింది ఇక్కడే, ఇంట్లో వినే నాలుగు మాటలు తప్ప తెలుగు రాదు. ఒక కీర్తనను ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చి బట్టీ పట్టించాను. ఒక శుక్రవారం తప్పు లేకుండా అప్పజెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మాస్టారు మాత్రం "అందులో ఏముంది తల్లీ?" అని అడిగారు.

"ఐ డోంట్ నో. మమ్మీకి తెలుసు."

అందరూ నవ్వారు. నేను పాపను లోపలికి లాక్కెళ్ళి గట్టిగా తిట్టాను. తర్వాత గిన్నెలు కడుగుతుంటే మాస్టారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"పిల్లమీద అంత కోపమేంటమ్మాయ్?"

"నా భాషలో ప్రార్థించకపోతే నా బిడ్డ నాకు దూరమైపోతుందేమోనని భయమండీ."

"వెనకటికి ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో యూదుల తల్లులూ ఇలాగే ఏడ్చుంటారు. పిల్లలకేమో గ్రీకు తప్ప రాదాయె. తమ పాత భాష హెబ్రీలో లేఖనాలు చదువుతుంటే వాళ్ళకది ఉత్త చప్పుడు. అందుకే గ్రీకులోకి మార్చుకున్నారు. తొలి క్రైస్తవుల్లో చాలామంది చదివింది అదే. దాంతోపాటు గ్రీకుల ఆలోచనలూ విశ్వాసంలోకి వచ్చేశాయి."

"మరి ఏమీ పోలేదా మాస్టారూ?"

"పోకేం? చాలా పోయింది. యేసు వాళ్ళమ్మతో మాట్లాడిన అరామిక్ భాషలో ఆయన మాటలు మనకు మిగిలినవి నాలుగు ముక్కలే. కానీ ఆ పిల్లలు గుమ్మం బయట ఉండిపోలేదు కదా!"

నేను ఒప్పుకోలేదు. ఇంకో కీర్తన బట్టీ పట్టించాను. పాప పడుకునేముందు చేసే ప్రార్థన కూడా మానేసింది.

కిందటి నెల మాస్టారు గుండెపోటుతో పోయారు. మరునాడు ఆయన భౌతికకాయాన్ని విమానంలో ఊరికి పంపుతారనగా మా ఇంట్లో కూడాం. ఊళ్ళో ఉన్న ఆయన భార్య ఫోనులో వింటున్నారు. పెద్దవాళ్ళ ప్రార్థనలు అయ్యాక, ఎవరూ అడక్కుండానే షారోను కళ్ళు మూసుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"పాప ఏమంటోందమ్మా?" అన్నారావిడ.

ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. "దేవా, విమానంలో తాతయ్య పక్కన కూర్చో. తాతయ్యంటే నాకు భయం లేదు..." తర్వాతి మాట దగ్గర ఆగాను. వదిలేసినా ఆవిడకు తెలియదు. వదల్లేకపోయాను. "మమ్మీ అంటేనే భయం."



ఇప్పుడు షారోను మళ్ళీ ప్రార్థిస్తోంది, ఇంగ్లీషులోనే. పక్కన కూర్చుని లోలోపల తెలుగులోకి మార్చుకుంటాను. ప్రతిసారీ ఏదో ఒకటి జారిపోతుంది. ఆ రోజు విన్న ఆ ఒక్క మాట బరువు మాత్రం ఏ భాషలోనూ తగ్గడం లేదు.