దిగువలో ఇంజను ఆపని రోజు

మా చిన్నప్పుడు... నాయన కారు ట్యాంకులోకి వేపపుల్ల దించి పెట్రోలు కొలిచేవాడు. మీటరు ఎప్పుడో చెడిపోయింది. పుల్ల పైకి తీసి, తడి ఎంతదాకా అంటిందో ఎండలో పెట్టి చూసేవాడు... అమ్మ మాత్రం పుల్లను కాదు, ఆయన మొహాన్ని చూసేది.

అరవైల నడిమి మాట ఇది. బెళుగుప్ప దగ్గర మా ఊరికంతా అదొక్కటే కారు. పెట్రోలు ఖర్చుకు తాళలేక ఒక పెద్ద రైతు వదిలించుకుంటే, నాయన కొని బాడుగకు తిప్పేవాడు. పడవంత బండి... వెనక సీట్లో మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. పెళ్లికైనా, పురిటికైనా అదే దిక్కు.

కానీ పెట్రోలు రేటు పెరిగినప్పుడల్లా ఇంట్లో మాటలు తగ్గిపోయేవి. బాడుగ పెంచుదామంటే వానల్లేని ఏళ్లు... ఎవరిని అడుగుతాడు? అందుకే ఒక అలవాటు చేసుకున్నాడు. రోడ్డు దిగువకు వాలగానే ఇంజను ఆపేసేవాడు. బండి దానంతటదే జారుకుంటూ పోయేది. మళ్లీ ఎగువ రాగానే గేరు వేసి లేపేవాడు. ఆ చప్పుడు లేని పరుగంటే నాకు భయం... మళ్లీ ఇంజను లేవకపోతే?

ఒక వేసవి పొద్దున కూలిపనులకు పోయే ఏసోబు పరిగెత్తుకుంటూ వచ్చాడు. భార్య మరియమ్మకు ముందురోజు నుంచీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని, తన వల్ల కాదని మంత్రసాని చెప్పేసిందట. అనంతపురం పెద్దాసుపత్రికి పోవాలి. నాయన గబగబా పుల్ల దించి చూశాడు. ఒక్క క్షణం ఆలోచించి, "చాలుతాది, ఎక్కించండి" అన్నాడు.

మరియమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని అమ్మ కూర్చుంది. ఏసోబు ఆమె కాళ్ల దగ్గర ఒదిగి కూర్చున్నాడు. ఇంట్లో నన్ను చూసుకునేవాళ్లు లేక నన్నూ ముందు సీట్లో ఎక్కించారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నీళ్ల చెంబు పట్టుకోవడం నా పని.

కల్యాణదుర్గంలో పెట్రోలు బంకు వచ్చింది. రేటు మళ్లీ పెరిగిందని ఆ వారమే అందరూ అనుకుంటున్నారు. నాయన బండి వేగం తగ్గించి, అటు చూసి... ఆపకుండా పోనిచ్చాడు.

ఊరు దాటాక మొదటి దిగువలో అలవాటుగా ఆయన చెయ్యి తాళం మీదికి పోయింది. ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో మరియమ్మ మూలుగు ఒక్కసారిగా పెద్దగా వినిపించింది. బండి ఆగిపోయిందనుకుని ఆమె మా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈ పొద్దు ఆపొద్దు," అంది అమ్మ. "ఆ సప్పుడు వింటానే పానం నిలబెట్టుకోనుండాది."

నాయన ఇంజను లేపాడు. ఆ తర్వాత ఎన్ని దిగువలు వచ్చినా ఆపలేదు. ఆయన లెక్కంతా దిగువల్లో మిగిలే పెట్రోలు మీదే ఉందని మాలో ఎవరికీ తెలియదు. ఎండకు కాదు, మరి దేనికో ఆయన మెడ మీద చెమట కారుతూనే ఉంది.

అనంతపురం ఇంకా మూడు మైళ్లుందనగా బండి రెండుసార్లు దగ్గి... నిలిచిపోయింది. చుట్టూ ఎర్రటి బీడు, కంపచెట్లు. ఏసోబు దిగి నాయన వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే బాగుండేదని నాయన చాలా ఏళ్ల తర్వాత నాతో అన్నాడు.

ఎంతసేపో గుర్తులేదు... వేరుశనగ మూటల లారీ ఒకటి వచ్చింది. నాయన రోడ్డుకడ్డంగా నిలబడ్డాడు. లారీ నడిపే సాయిబు దిగివచ్చి లోపల చూశాడు.

"నాది డీజిలన్నా, నీ బండికి పనికిరాదు. తాడుండాది, కట్టు."

అలా లారీ వెనక కారు కట్టుకుని వెళ్లాం. తాడు బిగిసినప్పుడల్లా కుదుపు... కుదుపుకొక కేక. నేను చెంబును రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఆసుపత్రి గుమ్మం ముందు కళ్లు తెరిస్తే చెంబులో చుక్క నీళ్లు లేవు.

మధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది. మరియమ్మ బతికింది. వరండాలో గోడకానుకుని కూర్చున్న నాయన నెమ్మదిగా అన్నాడు... "దుర్గంలో బంకు కాడ ఆపిండాల్సింది."

"ఆపకపోతివి," అంది అమ్మ. "బిడ్డ ఏడుస్తాండాది... విను."

ఊళ్లో ఆ పిల్లను చాలాకాలం లారీ పాప అన్నారు. నాయన ముందు మాత్రం ఎవరూ అనలేదు.

నెల తిరిగేలోపు ఆయన పెద్ద కారును పాత ఇనుముకింద ఇచ్చేసి, తక్కువ పెట్రోలుతో నడిచే చిన్న పాత కారు తెచ్చాడు. "ఏమప్పా, కోళ్లగూడు తెచ్చినావే" అని నవ్వారు జనం. ఆయన నవ్వలేదు. అందులో మనిషిని పడుకోబెట్టడానికి చోటు లేదన్న దిగులు ఆయనకే ఎక్కువ. రోగి ఉన్నారని కబురొస్తే, ముందు సీటు మరలు విప్పి ఇంట్లో పెట్టి, ఆ ఖాళీలో పరుపు పరిచేవాడు. పెట్రోలు సగానికి తగ్గితే మాత్రం అడుగు కదిలేవాడు కాదు... రేటు ఎంతున్నా సరే.

ఇప్పుడు మా వీధిలో ఇంటికో కారుంది. పెట్రోలు పెరిగిందని తిట్టుకుంటూనే అందరం పోయించుకుంటున్నాం. అద్దాలెత్తుకుని ఎవరి దారిన వాళ్లం పోతున్నాం... పక్కింటి కారు ఏ రంగుదో తెలుసు గానీ, అది నడిపే మనిషి పేరు నాకు తెలియదు.

మీ ఊళ్లో కష్టమొస్తే ఎవరి బండి కోసం పరిగెత్తేవారు? ఆ మనిషి పేరు గుర్తుంటే... ఇక్కడ ఒక్కసారి రాయండి.