మా ఆఫీసు ఉమ్మడి పలక

ఈమధ్య ఫోన్లకు అనుమానం జబ్బు పట్టుకుంది. పనికిరాని ఫొటో ఒకటి తీసేద్దామని వేలు పెట్టానో లేదో, 'నిజంగా తీసేయమంటారా?' అని అడుగుతుంది. అవునంటాను. 'తీసేస్తే మళ్ళీ రాదు, సరేనా?' అంటుంది. పెళ్ళిచూపుల నాడు మా మామగారు కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు వేయలేదు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కంప్యూటర్లకు మనుషుల మీద ఇంత అపనమ్మకం ఉండేది కాదు. చెరపమంటే చెరిపేవి. ముఖ్యంగా నేను రాసిన ప్రోగ్రాములు. ఎదురు ప్రశ్న వేయడం నేర్పాలని నాకే తెలియదు కనుక, ఎవరు ఏం చెప్పినా తలొంచుకుని చేసేవి. ఆ వినయం పుణ్యమా అని ఒక పెద్దమనిషి ఒక పూట పాటు ఈ లోకంలో లేకుండా పోయారు.

బీటెక్ అయ్యాక నా తోటివాళ్ళంతా హైదరాబాదు రైలెక్కితే నేను రాజమండ్రిలోనే ఆగిపోయాను. (దీన్ని ఊరి మీద మమకారమని మా అమ్మ నలుగురికీ చెప్పేది. నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్ళను అడిగితే వేరే కారణం చెప్పేవారు.) చివరికి మా నాన్నగారి స్నేహితుడొకాయన నడిపే వార్తల వెబ్‌సైటులో చేరాను. బ్యాటరీల కొట్టు పైన రెండు గదులు, ఒక ఫ్యాను, ఆయన కాక నలుగురం మనుషులం. ఓనరు గారు నన్ను 'బీటెక్' అనే పిలిచేవారు. అందులో గౌరవం ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నేను ఇప్పటికీ విడదీయలేకపోయాను. ఒకప్పుడు తెలుగు మాష్టారుగా చేసి, రిటైరయ్యాక మా వార్తల్లో తప్పులు దిద్దడానికి వచ్చినాయన చీఫ్ గారు. రోజూ వంతెన దాటి వచ్చే విలేకరి కొవ్వూరు బాబాయి. వచ్చిన సరుకంతా టైపు చేసి సైటులో పెట్టేది మొగల్తూరు అక్క. వార్తలు రాసి, సర్ది, బయటికి వదిలే సైటు లోపలి భాగానికి కంప్యూటరు భాషలో పెద్ద పేరే ఉంది గానీ, మా ఆఫీసులో దాన్ని వంటగది అనేవారు. వంట లోపల, వడ్డన బయట.

చిక్కల్లా ఒకరి మాట ఇంకొకరికి చేరడం దగ్గర వచ్చేది. 'ఈ వార్త ఆపండి', 'ఈ పేరు మార్చండి' అని చీటీలు రాసి కంప్యూటర్లకు అంటించేవారు. ఫ్యాను వేస్తే చీటీలు ఎగిరిపోయేవి, ఆపితే మనుషులు పోయేలా ఉండేవారు. ఒకనాడు ఓనరు గారు విశాఖపట్నంలో ఎవరి ఆఫీసో చూసొచ్చి నన్ను పిలిచారు.

"బీటెక్, అక్కడ అందరూ కంప్యూటర్లోనే ఒకచోట రాసుకుంటున్నారయ్యా. ఒకరు రాస్తే అందరికీ కనపడుతుంది. మన వంటగదిలో కూడా అలాంటిది పెట్టగలవా?"

"పెట్టగలనండి," అన్నాను. ఆ వయసులో ఏది అడిగినా అదే చెప్పేవాణ్ణి.

"పెట్టు. నిన్ను ఉంచాలా వద్దా అన్నది కూడా దాన్ని బట్టే చూద్దాం. మీ నాన్నగారికి నేను చెప్పుకుంటాలే."

వంటగదిలో ఒక మూల నలుచదరపు డబ్బా పెట్టాను. లోపలికి వచ్చినవాళ్ళెవరైనా అందులో రాయవచ్చు, దిద్దవచ్చు, చెరపవచ్చు. ఎవరు రాశారో, ఎవరు చెరిపారో అది గుర్తుంచుకోదు. (ఆ సద్గుణాన్ని నేను సరళత అనుకున్నాను.) చీఫ్ గారు ఇంగ్లీషు పేరు ఒప్పుకోక దానికి 'ఉమ్మడి పలక' అని నామకరణం చేశారు. బాబాయి కొబ్బరికాయ కొడదామన్నాడు గానీ ఎక్కడ కొట్టాలో తేలక ఆగాడు. మొదటి రోజే పలక నిండిపోయింది. తీరా చూస్తే అందులో పని చెప్పే మాటలు నాలుగు, మిగతావి 'అలాగేనండి', 'చూశానండి', 'మీరు చూశానన్నది చూశానండి'.

రెండో వారంలో పలక మీది రాతలు మాయం కావడం మొదలైంది. పొద్దున్న నిండుగా ఉన్నది మధ్యాహ్నానికి కడిగిన కంచంలా ఉండేది. అదీ రోజూ కాదు. రోజూ అయితే కారణం పట్టుకోవచ్చు. నేను రాసిన ప్రోగ్రామంతా తిరగేశాను. సర్వర్ అద్దెకిచ్చినవాణ్ణి అనుమానించాను. కరెంటును అనుమానించాను. ఒక బలహీన క్షణంలో ఫ్యానును కూడా అనుమానించాను. ఆఖరికి ఒక్కొక్కరినీ అడిగాను.

"అక్కా, పలక మీద పొరపాటున ఏమైనా చెరిపావా?"

"పొరపాటున ఎందుకు చెరుపుతాను తమ్ముడూ," అంది అక్క, ఎంతో నొచ్చుకుని. నేనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఓనరు గారు మాత్రం క్షమించే ధోరణిలో లేరు. "ఇంకొక్కసారి మాయమైందంటే, పలకతో పాటు నువ్వు కూడా," అని వాక్యాన్ని అక్కడే వదిలేశారు. మర్యాదస్తులు కదా, మిగతాది నన్నే పూరించుకోనిచ్చారు.

సరిగ్గా ఆ మర్నాడే కొవ్వూరు అవతలి పల్లెటూరి నుంచి పెద్దకర్మ ప్రకటన ఒకటి వచ్చింది. బాబాయి దాన్ని పలక మీద రాశాడు. అక్క చూసి టైపు చేసింది. ఫొటో కత్తిరించి పెట్టడం నా వంతు. చూద్దును కదా, ఫొటోలో ఇద్దరున్నారు. అన్నదమ్ములట. "వివరం పలక మీద రాశానయ్యా," అని చీఫ్ గారు గొడుగు తీసుకుని భోజనానికి వెళ్ళిపోయారు. పలక తెరిచాను. ఖాళీ.

నా గుండె జారి కింద బ్యాటరీల కొట్లో పడ్డంత పనైంది. ఎవరినైనా అడిగితే పలక మళ్ళీ మాయమైందని తెలుస్తుంది. తెలిస్తే ఓనరు గారు వదిలేసిన వాక్యం పూర్తవుతుంది. అందుకని చదువుకున్నవాడు చేయవలసిన పని చేశాను. ఫొటోను పరిశీలించాను. ఒకాయన ఛాతీ విరుచుకుని, మీసం మెలేసి, ఇంకో పాతికేళ్ళకు సరిపడా ఆరోగ్యంతో ఉన్నాడు. పక్కనున్నాయన నీరసంగా, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇందులో ఆలోచించడానికేముంది? కళ్ళు మూసుకున్నాయన్ని కత్తిరించి, దండ వేసి, దీపం పెట్టి, సైటులోకి వదిలాను.

మర్నాడు పొద్దున్న పదకొండింటికి కళ్ళు మూసుకున్నాయన మా మెట్లెక్కి వచ్చారు.

ఆ క్షణంలో నా ఒళ్ళు చల్లబడిన తీరు చూస్తే, మా ఇద్దరిలో పోయినవాణ్ణి నేనేనని ఎవరైనా చెబుతారు. ఆయన చెప్పులు బయట విడిచి, అందరికీ నమస్కారం పెట్టి, కుర్చీ చూపించాకే కూర్చున్నారు.

"నేను పోయేనంటండి," అన్నారు.

బాబాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఇలాంటప్పుడు అనవలసిన మాట ఎవరికీ నేర్పరు కదా.

"పొద్దున్నుంచీ ఇంటికి జనం వత్తన్నారండి. వచ్చినోళ్ళకి కాఫీలు నేనే ఇత్తన్నాను. కొందరు నన్ను చూసి ఎనక్కెళ్ళిపోతన్నారు. మా బావమరిదైతే ఫోన్లో బోరుమన్నాడండి. ఎత్తింది నేనని చెప్తే పెట్టేసేడు. పోయింది మా అన్నయ్యండి. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద."

"మరి ఫొటోలో కళ్ళు..." అన్నాను నేను.

"ఎండండి," అన్నారాయన.

ఓనరు గారి మొహం కింది కొట్టులోని ఎర్ర బ్యాటరీ రంగుకు తిరిగింది. ఆయన నావైపు చూశారు, నేను పలకవైపు చూశాను. చీఫ్ గారు లేచి, "నేను రాశాను కదయ్యా, ఎడమవైపు వారు కాలం చేసినవారు, కుడివైపు వారు క్షేమం అని. స్పష్టంగా రాశాను," అన్నారు. నేను లేదన్నాను. ఆయన ఉందన్నారు. అప్పుడు అక్క, ఈ గొడవంతా దేనికో అర్థం కానట్టు, తన కుర్చీలోంచే అంది: "అది నేను చెరిపేశాను కదండీ."

"నువ్వా?" అన్నాను. "పొరపాటున చెరపలేదన్నావు కదక్కా."

"పొరపాటున కాదు తమ్ముడూ, కావాలనే చెరిపాను. చావు కబురు చదివాక ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటారా? ఉత్తరమైతే చదివిన చేత్తోనే చింపేస్తాం. దీన్ని చింపడం ఎలాగో నువ్వు చెప్పలేదు. అందుకని అలాంటి కబురు వచ్చినప్పుడల్లా మొత్తం చెరిపేసి, కిందకెళ్ళి కాళ్ళు కడుక్కుని వస్తున్నాను. నిన్న కింద ఇంకో ముక్క ఉంది. అదీ ఆ కబురేగా అని దాన్నీ తీసేశాను."

అక్కకు ఇక మూడిందనుకున్నాను. నన్ను దిగ్భ్రాంతుణ్ణి చేసింది మెట్లెక్కి వచ్చిన ఆయన కాదు, ఆ తర్వాత జరిగినది. ఓనరు గారు నెమ్మదిగా తలూపారు. "అదీ నిజమేలే," అన్నారు. చీఫ్ గారు శాస్త్రం అదేనన్నారు. "ఆయ్, ఉంచకూడదండి," అన్నాడు బాబాయి. చివరికి నేను చంపిన పెద్దమనిషి కూడా అక్కవైపు మెచ్చుకోలుగా చూసి, "మా ఇంట్లోనూ అంతేనమ్మా," అన్నారు. గదిలో తప్పు చేసినవాడు ఒక్కడే మిగిలాడు. చావు కబుర్లకు వేరే పలక పెట్టాలన్న జ్ఞానం కాలేజీలో నాలుగేళ్ళు చదివినా రానివాడు.

ఈలోగా చీఫ్ గారు సవరణ రాసేశారు. ఇలాంటి ప్రకటనలు రాసి రాసి చెయ్యి అలవాటు పడిపోయిందేమో, 'ఫలానా వారు జీవించియున్నారని తెలియజేయుటకు చింతిస్తున్నాము' అని వచ్చింది. అదృష్టవశాత్తూ ఈసారి పలక మీద కాకుండా కాగితం మీద రాశారు కనుక, బాబాయి చూసి కొట్టేశాడు.

నేను ఇప్పుడు కూడా ఇదే ఊళ్ళో ఇదే పని చేస్తున్నాను. ఏం చెరిపినా ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని లెక్క చెప్పే పెద్ద పెద్ద పలకలు కట్టాను. జనం వాటిని తిట్టుకుంటూ వాడుతున్నారు. అప్పుడప్పుడూ ఆ ఖాళీ డబ్బా ముందు కూర్చుని, ఎవరినీ అడగలేక, ఫొటోలో ప్రాణం ఎవరికి ఉందోనని కళ్ళద్దాలు సర్దుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి భయం చూస్తే జాలి, ధీమా చూస్తే నవ్వు వస్తాయి. ఆ ఉద్యోగం వాడికెలా మిగిలిందంటే, ఓనరు గారు చేతులు జోడించి, "మీకు జరిగినదానికి ఎవరో ఒకరు బాధ్యత వహించాలండి. ఈ అబ్బాయిని ఇవాళే పంపించేస్తాను," అన్నారు. ఆ పెద్దమనిషి చెప్పులు తొడుక్కుంటూ ఆగి, నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసి అన్నారు:

"పంపకండి. మీ దగ్గరుంటే ఒక్కణ్ణే చంపేడు. బయటికెళ్తే ఎంతమందిని చంపుతాడో."