మేనత్త నోట వచ్చిన పేరు

మా తమ్ముడికి మార్కాపురంలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. కూతురు పుట్టగానే, గిద్దలూరు దాకా ఎవరికీ లేని పేరు పెట్టాలని ఫోన్లో వెతికి వెతికి ‘ద్యుతిక్ష’ అనే పేరు పట్టాడు. వేదాల్లోంచి వచ్చిందట, వెలుగు అని అర్థమట. ఎవరైనా కాజేస్తారేమోనని నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా ఇళ్లలో మేనత్త పిల్ల చెవిలో చెప్పి, పైకి పిలిచిన పేరే ఖాయం. బారసాల నాడు బేస్తవారిపేట నుంచి బస్సులో ఆ పేరే వల్లించుకుంటూ వెళ్లాను. తీరా ఉయ్యాల మీదికి వంగేసరికి బుర్ర ఖాళీ! తమ్ముడేమో జనం వెనకాల ఫోటోల గొడవలో ఉన్నాడు.

“కానీమ్మా, పిల్ల ఏడుస్తాంది” అని మా అవ్వ రమణమ్మ గదమాయించింది. ఆ కంగారులో నా నోటికి ఆమె పేరే వచ్చింది.

“రమణమ్మా!” అని గట్టిగా పిలిచేశాను.

“ఏందమ్మా?” అంటూ మా అవ్వతో పాటు ఇంకో నలుగురు ముసలమ్మలు పలికారు. ఇల్లంతా ఒకటే నవ్వులు. పిల్ల కూడా ఏడుపు ఆపేసింది.

“ఏందక్కా, ఇట్ల చేసినావు!” అని తమ్ముడు తల పట్టుకున్నాడు.

“మేనత్త పిలిచినాక మార్చగూడదు నాయనా” అంటూ మా అవ్వ మురిసిపోయి మునిమనవరాలిని ఎత్తుకుంది.

మొన్న పాపను బడిలో చేర్చి తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, ఆ క్లాసులో ద్యుతిక్షలు ముగ్గురుండారు. రమణమ్మ మాత్రం మన పాప ఒక్కతే!”

ఆ అరుదైన పేరు నేనే ఏరికోరి పెట్టానని ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటున్నాను.