ఏటి అవతలికి వినబడేటట్టు

మొన్న పంద్రాగస్టు సాయంత్రం మా నరసరావుపేట అపార్ట్‌మెంటు పిల్లలు కింద టపాకాయలు కాలుస్తుంటే, మోత నాకు పడదేమోనని కోడలు వచ్చి కిటికీ వేయబోయింది. వద్దన్నాను. నాకు ఆ వెలుగు చూడాలనీ ఉంటుంది, చెవులు మూసుకోవాలనీ ఉంటుంది. ఈ రెండు మనసులూ మాచర్ల దగ్గర కృష్ణ ఒడ్డు ఊళ్లో, నా పదో ఏట నాకు అంటుకున్నాయి.

మా నాన్న అక్కడ మిషను బడిలో పంతులు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఆయన సంబరానికి పట్టపగ్గాల్లేవు. చర్చికి మాత్రమే వేసుకునే నల్లకోటు తొడిగి, చిచ్చుబుడ్డి తానే వెలిగిస్తానని వంగి, పంచె అంచు కాల్చుకున్నాడు. పరుగున వచ్చి దాన్ని చేతుల్తో నలిపి ఆర్పినవాడు మా బాబాయి, అంటే మా అమ్మ చెల్లెలి భర్త. పిన్నిని కృష్ణ అవతల నైజాం ఇలాకాలో ఇచ్చారు. మా పండుగ చూద్దామని ఇద్దరూ పుట్టిలో ఏరు దాటి వచ్చారు. ఊరంతా ఆ పంచె చూసి నవ్వుతుంటే బాబాయి కూడా నవ్వి, "మీకైతే వచ్చింది అన్నయ్యా, మాకెప్పుడో" అన్నాడు. "ఎంతలో ఉంది, ఏరు దాటటమేగా" అన్నాడు నాన్న.

ఏడాది గడిచినా అది ఏరు దాటలేదు. ఈలోగా అవతలి ఊళ్ల మీద నైజాం తరఫు తుపాకులవాళ్లు పడసాగారు. ఎండాకాలం పోతూండగా ఒక పొద్దున పిన్ని మా గుమ్మంలో నిలబడింది, చెప్పుల్లేని కాళ్లతో, చంకలో నెలల పిల్లాడితో. ఎడ్లను విప్పుకొని వెనకే వస్తానన్న బాబాయి రాలేదు. ఏటి ఒడ్డున రెల్లులో దాక్కున్నప్పుడు పిల్లాడు ఏడిస్తే అందరి ప్రాణాలూ పోతాయని, వాడి నోరు అరచేత్తో మూసి పట్టుకుందట. ఆ సంగతి ఒక్కసారే చెప్పింది. ఆ తర్వాత అవతలి నుంచి ఎవరొచ్చినా ఎదురెళ్లి, "మా ఇంటాయన ఏమన్నా కనబడ్డాడా" అని అడగటమే ఆమె పని. కనబడ్డాడన్నవాళ్లు లేరు.

అలాంటి రోజుల్లో మళ్లీ పంద్రాగస్టు వచ్చింది. మనది సరిహద్దు ఊరు, మోత ఏటి అవతలికి వినబడేటట్టు కాల్చాలి అన్నారు పెద్దలు. నాన్న తలూపి వచ్చాడు.

"అవతల వినేదెవరు? ముందు మా చెల్లెలు వింటది" అంది అమ్మ.

"నిరుడు అంత చేసి, ఇయ్యేడు చీకట్లో కూర్చుంటే ఎట్టా? భయపడ్డామనుకోరూ?"

"దీపాలు పెట్టుకోండి. మోత వద్దంటన్నా."

నాన్న లేచి పిన్ని దగ్గరికి వెళ్లి, బళ్లో పిల్లలకు పాఠం చెప్పినట్టు, "అమ్మాయ్, సాయంత్రం టపాకాయలు కాలుస్తారు. తుపాకులు కావు. భయపడమాక" అన్నాడు.

"నాకు తెలవదా బావా" అంది పిన్ని.

తెలుసు. అందుకే మొదటి మోతకు బట్టలు మడత పెడుతూ నావంక చూసి నవ్వింది. నన్ను బడి దగ్గరికి పోనివ్వలేదని నేను మూతి ముడుచుకుని వాకిట్లో కూర్చుని, ఇంటి కప్పుల మీదుగా లేచే తారాజువ్వలు చూస్తున్నాను. ఎంత బాగున్నాయో. ఆ తర్వాత సీమటపాకాయల సరం అంటుకుని ఎడతెగకుండా పేలింది. అమ్మ లోపలినుంచి "చెల్లీ, చెల్లీ" అని పిలవటం వినిపించింది. వెళ్లేసరికి పిన్ని జొన్నల గాదె వెనక గోడకు కరుచుకుని కూర్చుని ఉంది. ఒళ్లో పిల్లాడు. వాడి నోటి మీద ఆమె చెయ్యి.

"తియ్యవే, చెయ్యి తియ్యి."

"మాట్లాడమాక అక్కా. వింటారు."

అమ్మ ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. విడిపించిన వేలు మళ్లీ బిగుసుకునేది. చివరికి పిల్లాణ్ణి లాక్కుని బోర్లా తిప్పి వీపు మీద చరిచింది. వాడి పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. బడి వైపునుంచి జనం జేజేలు కొడుతున్నారు. అమ్మ చరుస్తూనే ఉంది, ప్రభువా ప్రభువా అంటూనే ఉంది. ఎట్టకేలకు వాడు ఏడ్చాడు. పిల్లాడి ఏడుపు విని అమ్మ కూలబడి నవ్వటం, నవ్వుతూనే వెక్కటం నేను అప్పుడే చూశాను.

నాన్న జేబుకు కాగితం జెండా గుచ్చుకుని, మాకోసం మిఠాయి పట్టుకుని వచ్చి, మమ్మల్ని చూసి గడపలోనే ఆగిపోయాడు. పిన్ని తన అరచేతిని కొంగుతో తుడుచుకుంటూ, "బాగా జరిగిందా బావా?" అని అడిగింది.

కొన్ని వారాలకు సైన్యం దిగి, అవతలి ఒడ్డుకూ స్వాతంత్ర్యం వచ్చింది. నాన్న, పిన్ని ఏరు దాటి వెళ్లారు. గొడ్ల కొట్టం కాలిపోయి ఉంది. బాబాయి అటు పోవటం చూశామన్నారు ఇరుగుపొరుగు, తిరిగి రావటం చూడలేదన్నారు. పిన్ని మాతోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఏటా నాన్న పొద్దున జెండా వందనం చేసి, సాయంత్రం తలుపులేసుకుని, మోత లోపలికి రాకుండా పిన్ని ఎదుట కూర్చుని గొంతెత్తి ఎక్కాలు అప్పజెప్పేవాడు. పిన్ని నవ్వుకుంటూ వినేది, చేతులు మాత్రం ఒళ్లో బిగించుకునేది. ఆ పిల్లాడికేమో టపాకాయలంటే ప్రాణం. కాల్చుకొమ్మని ఆమే పంపేది.

దేశానికి తెల్లవారిన పొద్దు అందరి గుమ్మాల్లోకీ ఒకేనాడు రాదు. మా పిన్ని గుమ్మంలోకి అది ఎప్పుడొచ్చిందో, అసలు వచ్చిందో లేదో, ఇన్నేళ్లు గడిచినా నేను చెప్పలేను.