శనివారం సాయంత్రం దాకా ఒక బేరం

కరోనా మూతలు ముగిసిన మరుసటి ఏడాది, తమిళ ఆషాఢమైన ఆడి మాసం మొదటి వారంలో, గుడియాత్తంలోని ఒక రఫూ అంగడి ప్రకటనల పని నాకు అప్పగించారు. అప్పటికి నేను వేలూరులో ఒక చిన్న ప్రకటనల సంస్థలో సీనియర్ కంటెంట్ ప్లానర్‌ని. రిటైర్ కావడానికి రెండేళ్ళుంది. పేరు పెద్దదే గాని పైన యజమాని, కింద ఒక డిజైనర్, మధ్యలో నేను. అంతకు ముందు చాలా ఏళ్ళు అదే కుర్చీలో కూర్చుని కరపత్రాలకూ, కేబుల్ టీవీలో తెర అడుగున పరుగెత్తే అక్షరాలకూ మాటలు రాశాను. ప్రకటనలు ఫోన్లోకి వచ్చేశాక నా హోదా మారింది, కుర్చీ మాత్రం మారలేదు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట. చిన్న అంగడివాళ్ళు ఫోన్లో ఏ రోజు ఏం పెట్టాలో నెల ముందే ఒక పట్టీ తయారుచేస్తాం. దాన్ని కంటెంట్ క్యాలెండర్ అంటాం. తేదీ, చూపించే వస్తువు, చెప్పే మాట అని మూడు గడులు. అంగడి యజమాని కింద సంతకం పెడితే అది అప్రూవల్. ఆ తర్వాత అన్నీ ముందే ఎక్కించి పెడతాం, వేళకు వాటంతటవే వెళ్ళిపోతాయి. సంతకం పడిన పట్టీని ప్లానర్ తనంతట తాను మార్చకూడదు. ఈ నియమం మమ్మల్ని కాపాడటానికి పెట్టిందే గాని మరెవరినీ కాపాడటానికి కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను పుట్టింది గుడియాత్తం బజారులో, పాత్రల అంగడి వెనకింట్లో. బేరం నాకు పాలతో పాటు వచ్చింది. ఆటో ఎక్కితే దిగేదాకా బేరమాడతాను. ఆస్పత్రిలో డాక్టర్ మూడు వారాలు విశ్రాంతి అంటే రెండుకు తగ్గించమని అడిగినదాన్ని. ఆ పేరుండబట్టే మా యజమాని నన్ను గుడియాత్తం పంపాడు. "మీ ఊరే గదమ్మా, మీ భాషే. ఆమెను ఒప్పించండి" అన్నాడు.

ఆమె పేరు ఎస్తేరు. నలభై దాటిన మనిషి. పన్నెండేళ్ళు చెప్పుల కంపెనీలో తోలు కుట్టి, తెల్లవారకముందే వచ్చే కంపెనీ బస్సు ఎక్కీ దిగీ మోకాళ్ళు పోగొట్టుకుంది. అత్త దగ్గర నేర్చిన రఫూ పనితో బజారు పక్క సందులో చిన్న గది తీసుకుంది. చీరలో చిల్లు పడితే, లోపలికి దోపుకునే కొస నుంచి అదే చీర దారాలు లాగి, చిల్లు ఉన్నచోట ఒక్కొక్క పోగే నేసి కలపడం రఫూ. జరీ అయితే జరీ పోగే వెయ్యాలి. బాగా చేస్తే చేసినట్టే తెలియకూడదు.

ఆడిలో పెళ్ళిళ్ళుండవు. తర్వాతి నెల ఆవణిలో ముహూర్తాలు మొదలవుతాయి గనుక పాత పట్టుచీరలు బయటికి తీసేది ఆడిలోనే. ఎస్తేరు నాతో మొదటి రోజే తేల్చి చెప్పింది. "ఆవణి అయిపొయ్యేలోగా పని పెరగల్లక్కా. లేకుంటే నేను మళ్ళీ ఆ బస్సు ఎక్కల్ల. నా మోకాళ్ళకి ఆ బస్సు పడదు."

అంగడికి కిటికీ ఉంది. కిటికీకి ఒక నీలం తెర. వెలుతురు రావడం లేదు, తెర తీసెయ్యమన్నాను.

"తెరుంటేనే వస్తారక్కా ఆడోళ్ళు," అంది ఎస్తేరు. "చూడు, సంచిలో సంచి పెట్టుకోని వస్తారు. అటూ ఇటూ చూసి దూరతారు. పాత చీర బాగుచేయించుకుంటా ఉండామని ఎవురికైనా తెలిస్తే పరువు పాయె అనుకుంటారు."

ఆ మాట నాకు కొత్తేమీ కాదు. మా నాన్న అంగట్లో పాత ఇత్తడి బిందెలు మార్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళను ఎదురుగా నిలబెట్టేవాడు కాదు, వెనక వైపు పిలిచేవాడు. బిందెల మెడ మీద వాళ్ళ పేర్లు చెక్కి ఉండేవి. ఆ పేరును ఆకురాయితో పూర్తిగా అరగదీశాకే బిందెను ముందుకు తెచ్చి అమ్మకానికి పెట్టేవాడు. ఆ గరగర శబ్దం మధ్యే నేను ఎక్కాలు నేర్చుకున్నాను.

నా మొదటి పట్టీ చాలా పేలవంగా వచ్చింది. పండగ శుభాకాంక్షలు, పూలబొమ్మలతో శుభోదయాలు. ఎస్తేరు విని నవ్వింది. "నేను గుడ్ మార్నింగ్ చెప్తే చిరిగిన చీర తెస్తారా అక్కా?" నిజమే. రెండో పట్టీలో 'ముందు–తర్వాత' పెట్టాను. అంటే చిల్లున్న గుడ్డ ఒకసారి, బాగుచేశాక ఒకసారి. చొక్కాలు, శాలువలు, ఒక పాత కోటు. ఫరవాలేదు గాని ఫోన్లో జనం వేలితో తోసేసి పోతున్నారు. ఆగి చూడటానికి ఒక పట్టుచీర కావాలని నాకు తోచింది.

అది నా చేతికే వచ్చింది. ఒక మధ్యాహ్నం ఫోన్ను స్టాండుకు బిగించి కూర్చున్నాను. ఎస్తేరు ఒళ్ళో అరిటాకు రంగు పట్టుచీర, అంచు నిండా చిన్న చిన్న రథాలు. అలాంటి అంచు ఇప్పుడు దొరకదు. "లైటు చూస్తున్నాను, ఊరికే మాట్లాడుతూ ఉండు" అన్నాను. లైటు చూసిన మాట నిజమే. రికార్డు బటన్ నొక్కిన మాటా నిజమే.

ఆమె చీరను వెలుతురుకెత్తి, పని బాగా కుదిరిన సంతోషంలో చెప్పుకుపోయింది. "ఇది కే.వి.కుప్పం నుంచి వచ్చినమ్మ పెండ్లి చీరక్కా. బిడ్డ నిశ్చయానికి కట్టించల్లంట. మడత మీద ఎలక కొరికేసినాది, రూపాయి బిళ్ళంత. ఇప్పుడు చెప్పు, యాడుండాది చిల్లు? చూపించు చూద్దాం!" అని పకపకా నవ్వింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన ఏ వాక్యమూ ఆ చివరి రెండు ముక్కలకు సాటి రాదు. అప్పుడే గురువారం గడి నింపేశాను.

ఇక అప్రూవల్. చిత్తూరు, పలమనేరు వైపు నుంచి కూడా జనం రావాలని ఆ అంగడి పని తెలుగులో చేస్తున్నాం. పట్టీ నేను తెలుగులో రాశాను. మా నాన్న పట్టుబట్టి చదివించిన తెలుగు మరి, చూపించుకోవద్దూ. ఎస్తేరు ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదివేది మాత్రం తమిళమే. "చదివి చెప్పక్కా" అంది. చదివాను. గురువారం దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద 'కే.వి.కుప్పం, తల్లి పెళ్ళిచీర, నిశ్చితార్థం, ఎలుక' అని ఉంది. నా నోట "గురువారం ఒక పట్టుచీర వీడియో" అని వచ్చింది. మా బజారులో దీన్ని అబద్ధం అనరు. సరుకును మంచి వైపు నుంచి చూపడం అంటారు. ఎస్తేరు తాను చదవలేని కాగితం కింద తమిళంలో చక్కగా సంతకం పెట్టింది.

ఆవణి మొదటి గురువారం సాయంత్రం వీడియో వెళ్ళింది. రాత్రికే మా యజమాని ఫోన్ చేసి శభాష్ అన్నాడు. శుక్రవారం పొద్దున నేను మునక్కాయల బేరంలో ఉండగా ఎస్తేరు ఫోన్ చేసింది.

"అక్కా, ఆ చీర ఏలక్కా పెట్టినావు? నేను ఊరికే చెప్పినది గదా! ఆదివారం వాళ్ళ నిశ్చయం. తీసేయక్కా, ఇప్పుడే తీసేయి."

నేను మునక్కాయలు దించి పక్కకు వెళ్ళాను. ఆ నిమిషంలో చెయ్యాల్సిన పనికి రెండు నొక్కులు చాలు. నేను బేరం మొదలుపెట్టాను. పేరెవరిదీ చెప్పలేదు గదా అన్నాను. ముఖం కనిపించలేదు గదా అన్నాను. పలమనేరు నుంచి అప్పుడే ఇద్దరు ఫోన్ చేశారని, మూడో రోజుకు గాని వీడియో నలుగురికీ చేరదని, ఇప్పుడు తీస్తే పడిన కష్టమంతా పోతుందని చెప్పాను. "సోమవారం తీసేస్తాను" అన్నాను.

"సోమవారం వద్దక్కా. ఆదివారమే నిశ్చయం అంటా ఉండాను గదా!"

"సరే, నీ మాటా వద్దు, నా మాటా వద్దు. శనివారం సాయంత్రం."

 ఆమె బస్సు గురించి ఆలోచిస్తోందని నాకు తెలుసు. తెలిసే ఆగాను. ఎదుటివాళ్ళు తమలో తాము లెక్క వేసుకునేటప్పుడు మాట్లాడకూడదన్నది అంగట్లో పిల్లలకు మొదట నేర్పే విద్య.

"సరి అక్కా. నీకు తెల్సు గదా," అంది చివరికి.

నేను మొదటి నుంచీ అనుకున్నది శనివారం సాయంత్రమే. సోమవారం అన్నది దిగడానికి పెట్టుకున్న మెట్టు. తిరిగి వెళ్ళి మునక్కాయలు కూడా నా ధరకే కొన్నాను.

మాట తప్పలేదు. శనివారం ఆరు గంటలకు వీడియో తీసేశాను.

మరుసటి బుధవారం, వచ్చే నెల చిత్రీకరణ కోసం నేను అంగట్లో ఉండగా ఆ తల్లి వచ్చింది. వసంతమ్మ ఆమె పేరు. సంచి లేకుండా, అటూ ఇటూ చూడకుండా వచ్చింది. ఎస్తేరు లేచి నిలబడింది. వసంతమ్మ కూర్చోలేదు, గొంతు కూడా పెంచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

పెళ్ళికొడుకు వాళ్ళది కనియంబాడి. శనివారం మధ్యాహ్నమే వాళ్ళింట్లో ఎవరో ఆ వీడియో చూశారు. ఆదివారం పిల్ల ఆ రథాల అంచు చీర కట్టుకుని వచ్చి కూర్చోగానే పెళ్ళికొడుకు పెద్దమ్మ గుర్తుపట్టింది. పిల్ల కొంగు చేతిలోకి తీసుకుని, అందరూ చూస్తుండగా వేళ్ళతో తడుముతూ అంగుళం అంగుళం వెతికింది. "యాడుండాది చిల్లు? చూపించు చూద్దాం!" అంది. ఫోన్లో ఎస్తేరు అన్న మాటే, అదే యాసలో. సగం మంది ఆ వీడియో చూసినవాళ్ళే, నవ్వారు.

"దొరికిందా అమ్మా?" అని అడిగింది ఎస్తేరు.

"లేదు తల్లీ. ఎంత ఎతికినా దొరకలేదు. నీ చెయ్యి అట్లాంటిది," అంది వసంతమ్మ. "చీర బాగయినాది. నా బిడ్డ మాత్రం తల ఎత్తలేదు. నిశ్చయం అయినాదిలే, పెండ్లీ అవుతాది. ఆ ఇంట్లో అది ఎలక కొరికిన చీర కట్టుకోని వచ్చిన కోడలే ఇంక. నీ దగ్గిర తెర ఉండాదని వచ్చినాను అమ్మా ఎస్తేరూ. తెర ఉండాదని."

ఎస్తేరు నా వైపు చూడలేదు. ఈ అక్క పెట్టింది అనలేదు. "తప్పయిపోయినాదమ్మా" అని మాత్రం అంది. నేను స్టాండు పక్కన కూర్చునే ఉన్నాను. ఆ పని నాది అని చెప్పడానికి ఒక్క మాట చాలు. చెబితే సంస్థకు పేరు పోతుందేమో, ఈ అంగడి ఖాతా పోతుందేమో అని ఆలోచిస్తూ ఉండగానే వసంతమ్మ మెట్లు దిగిపోయింది.

ఆవణిలో పలమనేరు నుంచి నాలుగు చిరిగిన కోట్లు, కొన్ని చొక్కాలు వచ్చాయి. పట్టుచీరలు రాలేదు. ఊళ్ళో ఆడవాళ్ళెవరూ దెబ్బలాడలేదు. సందులోకి రావడం మానేశారు, అంతే. దీపావళి తర్వాత ఎస్తేరు గది ఖాళీ చేసింది. మా ఆఫీసులో మాత్రం ఆ ఏడాది ఎక్కువమంది చూసిన వీడియో అదేనని, కొత్తగా చేరినవాళ్ళకు నమూనాగా చూపించేవారు. ఆ నమూనాల్లోంచి దాన్ని తీయించడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

రిటైరయ్యే ముందు రెండు పనులు చేశాను. పట్టీని అంగడివాళ్ళు చదివే లిపిలోనే ఇవ్వాలని నియమం పెట్టించాను. అప్రూవల్ కాగితంలో ఇంకో గడి గీయించాను. చూపించే వస్తువు ఎవరిదో వాళ్ళ సంతకం కోసం. యజమాని గొణిగాడు గాని ఒప్పుకున్నాడు.

ఎస్తేరును తర్వాత ఒకసారే చూశాను. తెల్లవారుజామున గుడియాత్తంలో మా అన్న ఇంటి నుంచి బయలుదేరి బస్టాపుకు వస్తే, కంపెనీ బస్సు కోసం నిలబడిన ఆడవాళ్ళలో ఉంది. "బాగుండావా అక్కా?" అంది మామూలుగానే. వంగి నా చీర కుచ్చిళ్ళ దగ్గర చూసి, "ఈడ చిరిగినాది చూడు. మేకు తగిలినట్టుండాది. ఆదివారం ఇంటికి తీసుకోని రా, చేసిస్తా" అంది. బస్సు వచ్చింది. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో మోకాలు పట్టుకుని మెట్టెక్కుతూ వెనక్కి తిరిగి నవ్వింది. "ఎవురికీ చెప్పనులే!"

ఆ చీర నేను తీసుకెళ్ళలేదు. చిరుగుతోనే బీరువాలో ఉంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువ. బాగుచేసే పనికి ప్రకటన రాసేటప్పుడు, బాగుచేయించుకున్నవాళ్ళు అది ఎవరి నుంచి దాస్తున్నారో ముందు కనుక్కోవాలి. అది తెలిసే మా నాన్న ఆకురాయితో పేర్లు అరగదీశాడు. ఇక, ఎవరైనా తీసెయ్యమంటే ఆ నిమిషమే తీసెయ్యాలి. నేను శనివారం సాయంత్రం దాకా గడువు గెలుచుకున్నాను. వాళ్ళు చూసింది శనివారం మధ్యాహ్నం.