టీవీకి వీపు పెట్టిన కుర్చీ

మా ముత్తాత చిత్తూరు వైపు పల్లెల నుంచి బంగారు గనుల్లో కూలికి మనుషులను తీసుకొచ్చిన మేస్త్రీ. మా తాత సొరంగాల్లో నిలబెట్టే దుంగలు సరఫరా చేసిన కాంట్రాక్టరు. గని దొరలు మా వరండాలో కూర్చుని టీ తాగేవారు. గనుల పక్కనున్న మా ఆండర్సన్‌పేటలో ఫుట్‌బాల్ జట్టు పెట్టి, బూట్లు కొనిచ్చి, బెంగళూరు లీగ్‌లో ఆడించింది కూడా తాతే. గనులు మూతపడ్డాక మాకు మిగిలినవి ఆయన టేకు కుర్చీ, ఒక కలర్ టీవీ, కింది డివిజన్‌లో ఈడ్చుకొస్తున్న ఆ జట్టు.

శనివారం బెంగళూరులో మ్యాచ్. ఆదివారం సాయంత్రం కేబుల్ చానల్లో హైలైట్స్. పై డివిజన్ల గోల్స్ ఒక్కొక్కటి నాలుగేసి సార్లు చూపించి, మా డివిజన్‌కు చివర్లో రెండు నిమిషాలు విదిల్చేవారు. ఆ రెండు నిమిషాల కోసం పాత గని కార్మికులు మా హాలు నిండా కూర్చునేవారు. ఫలితం తెలిసినవాడు నోరు విప్పకూడదని కట్టుబాటు.

బెంగళూరు వెళ్ళి చూడొచ్చు గదా అనేవారు. శనివారాలు నాకు మాలూరు ఫ్యాక్టరీలో డ్యూటీ. మేస్త్రీ మునిమనవణ్ణి గేటు దగ్గర కార్డు కొట్టి లోపలికి వెళ్ళేవాణ్ణి. తాత పెట్టిన జట్టు ఒక్క గోల్ కొట్టగా టీవీలోనైనా చూడాలని నా ఆశ.

ఒక ఆదివారం కిటికీ గడియ బిగుసుకుపోయింది. తాత కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చుని గడియతో కుస్తీ పడుతున్నాను. వెనక హాలంతా ఒక్కసారిగా కేకలు వేసింది. మా జట్టు గోల్!

ఒకప్పుడు గనిలో కార్మికులను దించే, పైకి లాగే కేజ్ నడిపిన పెద్దాయన వెంటనే తీర్పు చెప్పాడు.

“చిన్నయ్యా, కుర్చీ అట్లనే ఉండనీ. ఇంగ తిప్పొద్దు.”

“మ్యాచ్ నిన్ననే అయిపోయింది గదా?”

“మ్యాచ్ అయిపోయినాది. చూపించేది యాడ అయిపోయినాది?”

అమ్మ టీ గ్లాసులు అందిస్తూ నవ్వింది. “కూచోప్పా. మీ తాత గూడా అందరికీ వీపే చూపించినాడు.”

ఆ కుర్చీలో కూర్చునే హక్కు మా ఇంటివాళ్ళదే. కాబట్టి వీపు నాదే. ఆ సీజనంతా కిటికీలోంచి, బంగారం తీశాక మిగిలిన గని పిప్పి పోసిన తెల్లటి దిబ్బను చూస్తూ, మా గోల్స్ చెవులతో విన్నాను.

ఆఖరి మ్యాచ్ ఓడితే జట్టు ఇంకా కిందికి జారుతుంది. దానికి వెళ్ళొచ్చిన పెద్దాయన ఆదివారం ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. టీవీలో కార్నర్ అన్నారు. హాల్లో ఎవరూ కదల్లేదు. ఇక నావల్ల కాలేదు. లేచి కుర్చీ తిప్పాను.

“వద్దు చిన్నయ్యా!”

బంతి గాల్లోకి లేచింది. మా పొడుగాటి డిఫెండర్ ఎగిరాడు. అంతే, చీరల దుకాణం ప్రకటన. అది అయ్యేసరికి కార్యక్రమమూ అయిపోయింది.

“ఏమైంది?” అన్నాను.

పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి విదిలించాడు. “గోలే. తలతో కొట్టినాడు. ఈ కండ్లతో చూసినాను. గెలిచినాము.”

“మరి చూపించలేదేం?”

“నువ్వు తిరిగినావు గదా.”

“నిన్న కొట్టిన గోల్‌ను నేను ఈరోజు ఎట్లా ఆపుతాను?”

“కొట్టేది ఆపలేదప్పా. చూపించేది ఆపినావు.”

అందరూ తలలూపారు. గెలిచిన జట్టు మనుషులు నామీద అలిగి, టీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయారు. నేను తాత కుర్చీలో నిటారుగా కూర్చుని, తర్వాత వచ్చిన వంటల కార్యక్రమం చివరిదాకా చూశాను.

తరువాతి సీజన్‌కు ముందు, జట్టు ఖర్చులు భరించలేక, ఆ గోల్‌తో లీగ్‌లో నిలిచిన మా జట్టు స్థానాన్ని బెంగళూరు కంపెనీ ఒకదానికి అమ్మేశాం. మా ఇంటి తరఫున సంతకం నేనే పెట్టాను.