పళ్ళ డాక్టరమ్మ పిడికిలి

మా ఆడపడుచు పళ్ళ డాక్టరు. మందుల దుకాణం మీది మేడపై రెండు గదులు, రెండు కుర్చీలు, అదే ఆమె ఆసుపత్రి. కిటికీ పక్క కుర్చీ ఆమెది. గోడ పక్కది, ఆమె దగ్గరే పని నేర్చుకుని తరువాత భాగస్తుడైన కుర్ర డాక్టరుది. లవంగ నూనె వాసన, నోట్లోని ఉమ్మిని పీల్చే గొట్టం చప్పుడు, బయటి బెంచీ మీద దవడ పట్టుకుని ఎదుటి గోడను తిట్టుకుంటున్నట్టు చూసే జనం. ఆమె జీవితంలో ముప్పై ఏళ్ళు అక్కడే గడిచాయి.

పన్ను పీకడమంటే లాగడమని మనం అనుకుంటాం. లాగితే రాదు. పట్టకారును చిగుళ్ళ లోపలి దాకా అదిమి, బయటికొకసారి, లోపలికొకసారి నెమ్మదిగా ఊపుతూ, ఎముక దారి ఇచ్చేదాకా పట్టు సడలకుండా నిలబడాలి. ఆ పని మణికట్టుది, బొటనవేలిది. అందులో ఆమెను మించినవారు కాలేజీలోనే లేరు. అందుకే తోటివాళ్ళు ఆమెకు ‘పిడికిలి’ అని పేరు పెట్టారు.

ఆమె లావు మనిషి. దాచవలసిన సంగతేమీ కాదది. యాభై ఏడు దాటాక మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. చూసిన వైద్యుడు, “నిదానంగా కొంచెం తగ్గండి, మోకాళ్ళకు మంచిది,” అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. నా కోపం ఆ మాట మీద కాదు, దాని వెనకాల వరస కట్టి వచ్చినవాళ్ళ మీద.

ఊళ్ళో ఉద్యోగినుల సంఘం ఒకటుంది. లాయర్లు, లెక్చరర్లు, బ్యాంకు ఆఫీసర్లు, డాక్టర్లు, అందరూ చదువుకున్న ఆడవాళ్ళే. ఏడాదికొకసారి అందరూ కలిసి ఫొటో తీయించుకుంటారు. ఆ ఏడు కార్యదర్శి, లాయరమ్మ, మా ఆడపడుచును చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించింది.

“డాక్టరుగారూ, మీరు వెనక వరసలోకి వచ్చెయ్యండి. మీరు ముందుంటే మా ముగ్గురికి చోటు చాలదు.”

అందరూ నవ్వారు. ఆమె అందరికంటే గట్టిగా నవ్విందట. ఆ ఫొటో నా దగ్గర ఉంది. అందులో మా ఆడపడుచు నుదురు, ఒక కనుబొమ్మ మాత్రమే కనిపిస్తాయి. రోజంతా జనం నోళ్ళలోకి తొంగి చూసి బాధ తీర్చే మనిషి, తోటి ఆడవాళ్ళ భుజాల వెనక నుంచి తొంగి చూడవలసి వచ్చింది.

ఆ తరువాతనే సంఘం వాళ్ళు ‘తేలిక జీవనం’ అనే శిక్షణ మొదలుపెట్టారు. దాని కరపత్రం కూడా నేను పారెయ్యలేదు. ‘యాభై దాటిన మహిళామణులకు మళ్ళీ నాజూకుతనం’ అని పైన పెద్ద అక్షరాలు. రెండు పూటల భోజనం మానేసి నీళ్ళలో కలిపిన పొడి తాగాలి. ఆ వయసులో ఆడవాళ్ళకు కండ దానంతటదే కరుగుతుందనీ, ఎముక పలచబడుతుందనీ, పస్తులుంటే ఆ రెండూ మరింత త్వరగా పోతాయనీ ఏ మంచి వైద్యగ్రంథం తిరగేసినా ఉంటుంది. కరపత్రంలో మటుకు కండ అన్న మాట ఎక్కడా లేదు. భూతద్దం పెట్టి మరీ వెతికాను.

ప్రతి శనివారం సాయంత్రం వేదిక మీద తూకం. శిక్షకుడొకడు, తెల్ల బూట్లు తొడుక్కున్న కుర్రవాడు, ఒక్కొక్కరి బరువూ మైకులో చదివేవాడు. తగ్గినవాళ్ళకు చప్పట్లు. పెరిగినవాళ్ళకు అయ్యో అని జాలి. సంతలో పశువులను తూచేవాడు సైతం వాటి బరువు మైకులో చదవడు. వాదించి తీర్పులు తెప్పించగల ఆడవాళ్ళు, బ్యాంకులు నడపగల ఆడవాళ్ళు, చెప్పులు విడిచి, గాజులు తీసి, ఊపిరి బిగబట్టి ఆ పలక మీదికి ఎక్కేవారు. రాసేందుకు నాకే సిగ్గుగా ఉంది.

నాలుగు నెలల్లో మా ఆడపడుచు పదిహేను కిలోలు తగ్గింది. కప్పు ఇచ్చారు.

ఇక పొగడ్తలు. మా ఇంట్లో మొదటి ముద్దాయి నా భర్తే. “చెల్లాయ్, కాలేజీ పిల్లలా ఉన్నావు,” అని మురిసిపోయారు. కాలేజీ రోజుల్లో కూడా ఆమె బొద్దుగానే ఉండేదన్న సంగతి సొంత అన్నకే గుర్తు లేదు.

“దాని మొహం చూశారా? బుగ్గలు లోపలికి పోయాయి,” అన్నాను.

“వదినా, నీకు అసూయ,” అంది ఆమె నవ్వుతూ.

“అసూయే. నాకింకా ఆకలేస్తోంది, నీకు వెయ్యడం మానేసింది. నా కళ్ళు కుట్టవూ?”

మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగేది. మా ఇంట్లో సీసా మూత తిప్పలేక, “ఈ మధ్య మూతలు మరీ బిగించేస్తున్నారు,” అని పక్కన పెట్టేది. ఆసుపత్రిలో మొండి పన్ను రాకపోతే తప్పు పట్టకారు మీద వేసేది. దాని పళ్ళు అరిగిపోయాయంది. కొత్తది తెప్పించింది. ఇది జారుతోందని వెనక్కి పంపి, ఇంకా ఖరీదైనది తెప్పించింది. పనివాళ్ళు చేసే పొరపాటే ఇది. ఏళ్ళ తరబడి చెప్పినట్టు విన్న చెయ్యి మోసం చేస్తుందని ఎవరికి తోస్తుంది? పనిముట్టునే అనుమానిస్తారు.

ఒక ఉదయం లారీ డ్రైవరొకడు కింది దవడ పన్ను నొప్పితో వచ్చాడు. మత్తు ఇచ్చి, పట్టు బిగించి ఊపసాగింది. బొటనవేలు వణికింది. పట్టు సడలింది. పట్టకారు ఒక్కసారిగా పైకి జారి, ఏ పాపమూ ఎరగని పై పన్ను అంచు విరగ్గొట్టింది. ఆమె చేతిలో అటువంటిది అదే మొదలు.

డ్రైవరు మంచివాడు. తిమ్మిరెక్కిన నోటితోనే, “డాక్టరమ్మా, కాసేపు కూర్చోండి. మీకే బాగోలేనట్టుంది,” అన్నాడు. గోడ పక్క నుంచి కుర్ర డాక్టరు వచ్చి మిగిలిన పని పూర్తి చేశాడు. విరిగిన పంటిని ఆమె ఉచితంగా బాగుచేసి ఇచ్చింది. మనసులో విరిగినదానికి ఆ గదిలో మందు లేదు.

సాయంత్రం కుర్ర డాక్టరు కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అక్కడ నేనూ ఉన్నాను.

“మేడమ్, ఇకనుంచి పీకుళ్ళన్నీ నేను చూసుకుంటాను. మీరు సలహాలిస్తూ హాయిగా కూర్చోండి.”

“ఎక్కడ కూర్చోను?”

“అదే మేడమ్, దవడ మొత్తం ఫొటో తీసే కొత్త యంత్రం ఉంది కదా. కిటికీ పక్క కుర్చీ తీసేస్తే సరిగ్గా సరిపోతుంది. బోర్డు మీద మీ పేరు అలాగే ఉంటుంది.”

“బోర్డు మీద పేరుంటే నేను బోర్డు కింద నించోవాలా?” అంది. కాఫీ పక్కకు జరిపి, “ఏడాది చివరిదాకా ఆగు. అప్పటికీ నా చెయ్యి ఇలాగే ఉంటే కుర్చీ నేనే తీయించేస్తాను,” అంది.

నెల కిందట వాడే ఆమె నాజూకుతనానికి మిఠాయి పంచాడు. ఆమెకు మాత్రం ఒక్క ముక్క పెట్టలేదు.

మరునాడే ఆమెను ఎముకల డాక్టరమ్మ దగ్గరకు లాక్కుపోయాను. ఇద్దరూ కలిసి చదువుకున్నవాళ్ళు.

“ఏమే పిడికిలీ, ఎవరైనా తరుముతున్నారా, ఇలా చిక్కావు?”

“అందరూ బాగున్నానంటున్నారే.”

“ఆ అందరికీ నీ ఎముకలు కనిపిస్తున్నాయా? ఇది పట్టుకుని నొక్కు.”

పిడికిలి బలం కొలిచే పరికరమది. ముల్లు ఎనభై ఏళ్ళ ముసలమ్మకు ఉండవలసిన చోట ఆగింది. ఎముక పరీక్షలూ అయ్యాయి. కాగితాలు చూసి ఎముకల డాక్టరమ్మ అడిగింది:

“పదిహేను కిలోలు పోయాయన్నావు. అందులో కొవ్వెంత, కండెంత?”

“తూకంలో అది తెలీదుగా.”

“తెలియనిదానికి కప్పెలా ఇచ్చారే? నువ్వూ డాక్టరువే. ఇదంతా నీకు తెలుసు.”

“తెలుసు.”

“మరి?”

మా ఆడపడుచు చీర కుచ్చిళ్ళు సవరించుకుంటూ, “ఒక్కసారి ఫొటోలో ముందు వరసలో నించోవాలనిపించింది,” అంది.

ఎముకల డాక్టరమ్మ కాగితాలు మడిచి పక్కన పెట్టింది. నాకు మాత్రం ఆ లాయరమ్మను, ఆ తెల్ల బూట్లవాణ్ణి, మురిసిపోయిన మా ఆయనతో సహా వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ మత్తు ఇవ్వకుండా పళ్ళు పీకాలనిపించింది.

పొడి డబ్బాలు చెత్తబుట్టకు పోయాయి. మూడు పూటలా భోజనం మొదలైంది. గుడ్లు, పాలు, చేపలు, పప్పులు, కాయగూరలు. తీపి మాత్రం కొంచెం. వీటితోపాటు వారానికి మూడు రోజులు బరువులెత్తాలని ఎముకల డాక్టరమ్మ పట్టుబట్టింది. జిమ్ములో నేర్పే పిల్లకు మా ఆడపడుచు మనవరాలి వయసుంటుంది.

“ముందు ఖాళీ రాడ్డుతో చేద్దాం ఆంటీ.”

“దీని బరువెంత?”

“దీన్ని బరువనం ఆంటీ.”

ఆ ‘బరువు కానిది’ రెండోసారి లేవలేదు. ఇంటికి వచ్చి, “వదినా, చిన్నపిల్ల ముందు పరువు పోయింది,” అని నవ్వడం మొదలుపెట్టి ఏడుపులో ముగించింది. మరుసటి తరగతికి మళ్ళీ వెళ్ళింది. వెళ్తూనే ఉంది. ఒకరోజు మా ఇంటికి వచ్చి, అడగకుండానే, వంటింట్లో బిగిసిపోయిన మూతలన్నీ తిప్పి వరసగా పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ ఉత్సాహం వల్ల రెండు పచ్చళ్ళు పాడయ్యాయి.

పోయినదాంట్లో ఆరు కిలోలు తిరిగి వచ్చాయి. అక్కడే నిలిచాయి. మోకాళ్ళు మునుపటికంటే నయం. ఎముకల డాక్టరమ్మ, “ఇదే నీ బరువు. దీన్ని మొయ్యి, ఇంకేం మొయ్యకు,” అంది. ఆ మాట సంఘానికి నచ్చలేదు. కార్యదర్శి ఫోను చేసింది.

“డాక్టరుగారూ, ఏమీ అనుకోకండి. బరువు తిరిగి పెరిగితే కప్పు వెనక్కివ్వాలని నిబంధన.”

“అలాగేనండీ. మా కుర్ర డాక్టరు దాంట్లో పెన్నులేసుకున్నాడు, ఖాళీ చేసి పంపిస్తాను.”

ఆమెకు నవ్వు వచ్చింది, నాకు రాలేదు. నాలుగు పేజీల జాబు సంఘానికి రాశాను. వేదిక మీద తూకం ఆపమనీ, శిక్షణలో చేరిన మిగతా ఆడవాళ్ళకు ఎముకల పరీక్ష చేయించమనీ కోరాను. జవాబు రాలేదు. జాబు నకలు, అందినట్టు వాళ్ళ గుమాస్తా పెట్టిన సంతకం, రెండూ భద్రంగా ఉన్నాయి.

ఈలోగా ఆమె కదిలే పళ్ళతో, ముందు పళ్ళతో మళ్ళీ పని మొదలుపెట్టింది. పరికరంలో ముల్లు ఆమె వయసుకు తగ్గ చోటికి వచ్చింది. దవడ పళ్ళు మాత్రం ఇంకా కుర్ర డాక్టరుకే వదిలేది. ఏడాది చివరికొచ్చింది. యంత్రం అమ్మేవాడు టేపు పట్టుకుని కొలతలకు వస్తానని కబురు చేశాడు. అదే వారం నా కింది దవడ పన్ను సలుపు మొదలుపెట్టింది.

మేడ ఎక్కి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను.

“వదినా, దవడ పన్ను. అబ్బాయి చేస్తాడు.”

“అబ్బాయి చేస్తే నేను దిగి ఇంటికి పోతాను.”

“మొండి పట్టు వద్దు.”

“పట్టు నీకు కావాలి, నాకు కాదు. కానివ్వు.”

ఆమె చేతులు కడుక్కుంది. సూది గుచ్చింది. దవడ మొద్దుబారాక, “ఇన్నేళ్ళకు నీ నోరు మూయించాను,” అంది. నోరు తెరిచే ఉంది కనుక బదులు చెప్పలేకపోయాను. పట్టకారు లోపలికి దిగింది. బయటికి, లోపలికి, మళ్ళీ బయటికి. ఆమె మొహం మీద చెమట పట్టింది. బొటనవేలు వణకలేదు. దవడలో ఏదో మెల్లగా దారి ఇచ్చినట్టయింది. పన్ను రెండు వేర్లతో సహా చెక్కుచెదరకుండా పళ్ళెంలో పడింది.

కుర్ర డాక్టరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆమె వాడి వైపు తిరగకుండానే, “కొలతలవాడొస్తే బయటి గది చూపించు. బెంచీ జరిపితే చోటుంటుంది,” అంది.

“అలాగే మేడమ్,” అన్నాడు. అంతటితో ఊరుకోకుండా, “మీరు సన్నగా ఉన్నప్పుడు కూడా ఇంత బాగా లేరు,” అని మరొక పొగడ్త తగిలించాడు.

నోటి నిండా దూది ఉండబట్టి అతనికి చెప్పవలసినవేవీ అప్పుడు చెప్పలేకపోయాను. మరునాడు మేడ ఎక్కి, కూర్చోబెట్టి, అన్నీ చెప్పి వచ్చాను.